195 వోల్టులు, 3.7 ఆంపియర్లు: లెక్క ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

మీరు అడిగినదాన్ని ముందుగా ఒక చోట చేరుస్తాను. మీరు సోంపేట దగ్గరి ఊళ్ళో ఉంటూ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదువుతున్నారు. కొత్తగా కొన్న మల్టీమీటరు, తీగను కోయకుండా దాని చుట్టూ దవడలు మూసి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు చేతిలో ఉన్నాయి కాబట్టి ఇంట్లో ఉన్నవన్నీ కొలిచి చూశారు. 1000 వాట్లని రాసి ఉన్న నీళ్ళ హీటరు 195 వోల్టుల దగ్గర 3.7 ఆంపియర్లు తీసుకుంది. పాత 100 వాట్ల ఫిలమెంటు బల్బును హోల్డరు నుంచి తీసి కొలిస్తే 38 ఓంలు చూపింది, సూత్రం ప్రకారం మాత్రం 529 రావాలి. సీలింగ్ ఫ్యాను మీద 75 వాట్లని ఉంది, కొలిచిన అంకెలను గుణిస్తే 78 వచ్చాయి. మీ బాబాయిగారి పొలంలోని 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు 415 వోల్టుల దగ్గర 7.6 ఆంపియర్లు తీసుకుంటోంది, రెండింటినీ గుణిస్తే 3154 వాట్లే వస్తున్నాయి. 5 హెచ్‌పీ అంటే 3730 వాట్లు కదా, తీసుకున్నదానికన్నా ఎక్కువ పని మోటారు ఎలా చేస్తుందన్నది మీ సందేహం. సూత్రం తప్పా, మీటరు తప్పా అని చివర్లో అడిగారు.

రెండూ తప్పు కాదు. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది, రెండింటినీ గుణిస్తే వాట్లు వస్తాయి; ఇది పదో తరగతిలోనే చదివాం. అయితే భాగించే ముందు చూసుకోవలసినది ఒకటుంది. ఆ వోల్టేజి, ఆ కరెంటు ఒకే వస్తువుకు చెందినవై ఉండాలి, ఒకే సమయంలో కొలిచినవై ఉండాలి, వచ్చిన నిరోధం ఆ వస్తువు అప్పుడున్న స్థితికి మాత్రమే వర్తిస్తుందని గుర్తుండాలి. జార్జ్ సైమన్ ఓమ్ 1827లో ఈ నియమాన్ని ప్రకటించడానికి ముందు చేసిన ప్రయోగాల్లో రెండు లోహాల జంటకు ఒక కొసను మరిగే నీటిలో, రెండో కొసను మంచులో ఉంచి, మారని వోల్టేజిని సంపాదించుకున్నాడు. మూలం స్థిరంగా లేకపోతే తీగ సంగతి తేలదని ఆయనకు తెలుసు. మన ఊళ్ళలో వచ్చే సరఫరా అంత స్థిరంగా ఉండదు గనుక ఆ జాగ్రత్త మనకు ఇంకా ఎక్కువ అవసరం.

మొదట హీటరు సంగతి చూద్దాం, ఎందుకంటే సూత్రం నూటికి నూరుపాళ్ళు పనిచేసే చోటు అదే. దాని మీద 230 వోల్టులు, 1000 వాట్లు అని ఉంటుంది. 230ని 230తో గుణించి 1000తో భాగిస్తే 52.9 ఓంలు వస్తాయి, తయారీదారు ఉద్దేశించిన నిరోధం అది. మీరు కొలిచిన 195ను 3.7తో భాగిస్తే 52.7 ఓంలు. అంటే హీటరు చెడిపోలేదు, కాయిలు అరిగిపోలేదు, కొట్టువాడు మోసం చేయలేదు. లోపలి నిక్రోమ్ తీగ వేడెక్కినా దాని నిరోధం పెద్దగా మారదు కాబట్టే ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా వచ్చాయి. మారినది సరఫరా. 195ను 3.7తో గుణిస్తే 721 వాట్లు. వోల్టేజి 15 శాతం తగ్గితే వాట్లు 28 శాతం తగ్గాయి, ఎందుకంటే వోల్టేజి తగ్గినప్పుడు కరెంటు కూడా దానితోపాటు తగ్గుతుంది, గుణకారంలో రెండు దెబ్బలూ కలుస్తాయి. 15 లీటర్ల బకెట్టు నీటిని 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు తేవడానికి దాదాపు 1256 కిలోజౌళ్ళు కావాలి. నిండు 1000 వాట్లు ఉంటే 21 నిమిషాలు, మీ ఇంట్లో 29 నిమిషాలు. రెండు సందర్భాల్లోనూ ఖర్చయ్యేది సుమారు 0.35 యూనిట్టే. లో ఓల్టేజీ వల్ల బిల్లు తగ్గుతుందని కొందరు సంతోషిస్తారు గానీ, హీటరు విషయంలో తగ్గేది మన ఓపిక మాత్రమే. ఎక్కువసేపు కాగే నీరు ఆ మేరకు గాలికి వేడిని వదులుతుంది గనుక బిల్లు ఒక పిసరు పెరుగుతుంది కూడా.

మీరు రాసిన అంకెల్లో నన్ను ఆపినవి వేరే ఉన్నాయి, వాటి గురించి మీరు ప్రశ్నే అడగలేదు. హీటరు వేయకముందు సాకెట్టు దగ్గర 203 వోల్టులు ఉన్నాయని, వేశాక 195కు దిగాయని, మెయిన్ స్విచ్చి దగ్గర మాత్రం 203 నుంచి 199కే దిగాయని రాశారు. ఈ నాలుగు అంకెల్లో మీ ఇంటి వైరింగ్ జాతకం ఉంది. 3.7 ఆంపియర్లు ప్రవహించినప్పుడు మొత్తం 8 వోల్టులు దారిలో పోయాయి. అందులో 4 వోల్టులు మెయిన్‌కు అవతల, అంటే ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే లైనులోనూ, సర్వీసు వైరులోనూ పోయాయి. ఆ భాగం లైన్‌మన్ చూడవలసినది, మీరు ముట్టుకోవలసినది కాదు. మిగిలిన 4 వోల్టులు మీ ఇంటి లోపలే పోయాయి. 4ను 3.7తో భాగిస్తే 1.08 ఓంలు. మెయిన్ నుంచి సాకెట్టుకు 15 మీటర్ల దూరం, వైరు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది అన్నారు. పోను, రాను కలిపి 30 మీటర్లు. చదరపు మిల్లీమీటరు మందం గల రాగి తీగకు మీటరుకు 0.0172 ఓంలు చొప్పున లెక్క వేసుకుంటే, మీ వైరుకు రావలసినది 0.34 ఓంలు మాత్రమే. మిగతా 0.74 ఓంలు వైరులో లేవు. ఎక్కడో ఒక జాయింటులోనో, స్విచ్చిలోనో, సాకెట్టు లోపలి పిన్నుల పట్టులోనో దాక్కుని ఉన్నాయి.

0.74 ఓంలు అంటే ఏమంత అనిపిస్తుంది. కరెంటును కరెంటుతోనే గుణించి నిరోధంతో గుణించండి: 3.7ను 3.7తో గుణిస్తే 13.69, దానిని 0.74తో గుణిస్తే 10 వాట్లు. రేడియో బాగుచేసేవాళ్ళు సీసం కరిగించడానికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. అందులో దాదాపు సగం వేడి మీ గోడలోని ఒక స్క్రూ కింద, గాలి ఆడని ప్లాస్టిక్ పెట్టెలో, అరగంటసేపు పుడుతోంది. రేపు అదే సాకెట్టుకు రెట్టింపు కరెంటు తీసుకునే గీజరు తగిలిస్తే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలై 40 వాట్లవుతుంది. వేడికి స్క్రూ మరింత వదులవుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది, చివరికి సాకెట్టు పసుపురంగుకు తిరిగి, ఆపైన నల్లబడి, కాలిన వాసన వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం వైపు చాలా ఇళ్ళలో అప్పటికప్పుడు కరెంటు పునరుద్ధరించుకోవడానికి రాగి తీగను అల్యూమినియం తీగతో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లను నేను చూశాను. ఈ రెండు లోహాలు తడిలో కలిసి ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది, సముద్రపు గాలిలోని ఉప్పు ఆ పనిని ఇంకా తొందర చేస్తుంది. మీ ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉండవచ్చు, వెతకండి.

వెతికేటప్పుడు మల్టీమీటరును ఓంల మీద పెట్టి ప్రయోజనం లేదు. దాని ప్రోబు వైర్లకే 0.2 నుంచి 0.5 ఓంల దాకా ఉంటుంది, పైగా మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకు వదులు జాయింటు కూడా మంచిదానిలాగే కనబడుతుంది. లోడు ఉన్నప్పుడే దాని గుణం బయటపడుతుంది. అందువల్ల హీటరు పనిచేస్తుండగా, ఏసీ వోల్టుల రేంజిలో, స్విచ్చి రెండు టెర్మినళ్ళ మీద రెండు ప్రోబులు పెడితే, మంచి స్విచ్చి అయితే దాదాపు సున్నా చూపుతుంది. అక్కడ రెండు వోల్టులో, రెండున్నర వోల్టులో కనబడితే దొంగ దొరికినట్లే. ఇది సరఫరా ఉన్న టెర్మినళ్ళ మీద చేసే పని గనుక మీ ఇన్‌స్ట్రక్టరో, అనుభవమున్న ఎలక్ట్రీషియనో పక్కన ఉంటేనే చేయండి. ఒక్కరే ఉంటే, హీటరును అరగంట నడిపి, మెయిన్ ఆపి, సరఫరా లేదని టెస్టరుతో కాక మీటరుతో నిర్ధారించుకుని, స్విచ్చి, సాకెట్టు పలకలు విప్పి చేత్తో తాకి చూడండి. వేడిగా ఉన్నది ఏదో అదే. ఈ లెక్క ఇళ్ళకే పరిమితం కాదు. గరివిడి వైపు ఇనుప మిశ్రమ లోహాలను తయారుచేసే ఫెర్రో ఎల్లాయ్ ఫర్నేసుల వంటి వాటిలో వోల్టేజి మన ఇంటికన్నా తక్కువగా ఉండి, కరెంటు పదుల వేల ఆంపియర్లుగా ఉంటుంది. 40,000 ఆంపియర్లు పోయే దారిలో ఒక జాయింటుకు ఓంలో లక్షవ వంతు నిరోధం ఉన్నా అక్కడ 16,000 వాట్ల వేడి పుడుతుంది. అందుకే అక్కడ జాయింట్లు నున్నగా గీకి, బోల్టులు కొలిచి బిగించి, రాగి గొట్టాల లోపల నీళ్ళు పారిస్తారు.

ఇక బల్బు. మీరు కొలిచిన 38 ఓంలూ నిజమే, లెక్కలో వచ్చిన 529 ఓంలూ నిజమే. చల్లగా ఉన్న టంగ్‌స్టన్ తీగ నిరోధం 38, సుమారు రెండున్నర వేల డిగ్రీల దగ్గర తెల్లగా వెలుగుతున్న అదే తీగ నిరోధం 529. వేడెక్కేకొద్దీ లోహాల నిరోధం పెరుగుతుంది, ఇక్కడ దాదాపు 14 రెట్లు పెరిగింది. మల్టీమీటరు పంపే కరెంటుకు ఫిలమెంటు గోరువెచ్చగా కూడా కాదు కాబట్టి మీటరు మీకు చల్లని బల్బునే చూపగలదు. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో 230ని 38తో భాగించినంత, అంటే 6 ఆంపియర్ల కరెంటు దూకుతుంది. కంటికి తెలియనంత స్వల్పకాలంలో ఫిలమెంటు వేడెక్కి కరెంటు 0.43కు దిగుతుంది. పాత బల్బులు ఎక్కువగా స్విచ్చి వేసినప్పుడే టప్పుమని మాడిపోవడానికి కారణం అదే. ఇంకొక మెలిక కూడా ఉంది: ఈ 529ని పట్టుకుని 195 వోల్టులకు వాట్లు లెక్కవేస్తే 72 వస్తాయి, కానీ కొలిస్తే 77 దరిదాపుల్లో ఉంటుంది, ఎందుకంటే వోల్టేజి తగ్గితే ఫిలమెంటు చల్లబడి దాని నిరోధమే తగ్గిపోతుంది. హీటరుకు చెల్లిన లెక్క బల్బుకు చెల్లదు.

మీటర్లు వాడే పద్ధతి గురించి కొంత చెప్పాలి. 400 ఆంపియర్ల దాకా కొలిచే క్లాంప్ మీటరుతో 3.7 ఆంపియర్లు కొలిచినప్పుడు అసలు విలువ 3.5 నుంచి 3.9 దాకా ఎక్కడైనా ఉండవచ్చు, అంటే మీ నిరోధం 50 ఓంలు కావచ్చు, 55.7 కావచ్చు. 52.7 అని దశాంశంతో సహా రావడం కొంత అదృష్టం. దీనికి విరుగుడు తేలికే: ఒక పొట్టి ఎక్స్‌టెన్షన్ వైరు తీసుకుని, ఫేజు, న్యూట్రల్ వైర్లను విడివిడిగా నడిపి, ఫేజు వైరును క్లాంపు దవడల్లోంచి పది చుట్లు తిప్పండి. మీటరు 37 చూపుతుంది, పదితో భాగించుకోండి. మొత్తం కేబులును దవడల్లో పెడితే పోయే కరెంటు, వచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా చూపుతుందని మీరు ఈపాటికి గమనించే ఉంటారు. మల్టీమీటరు విషయంలో ఒక్కటే హెచ్చరిక, దయచేసి దీనిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి: 10 ఆంపియర్ల రంధ్రంలో ఎర్ర వైరు పెట్టి కరెంటు కొలిచాక, దానిని తిరిగి వోల్టుల రంధ్రానికి మార్చకుండా సాకెట్టులో ప్రోబులు పెడితే, మీటరు ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య ఒక లావుపాటి తీగ అవుతుంది. ఆ షార్టుకు మీటరు చేతిలోనే పేలవచ్చు. ఇళ్ళలో కరెంటు కొలవడానికి క్లాంపు ఉండగా ఆ రంధ్రం జోలికే పోనక్కరలేదు. ఇంకా, ఒక చోట వోల్టేజి కొలిచి, అయిదు నిమిషాల తర్వాత కరెంటు కొలిస్తే ఆ రెండింటినీ జత చేయకూడదు; ఈలోగా పక్కింటివాళ్ళు మోటారు వేసి ఉండవచ్చు.

ఫ్యానుకు వచ్చేసరికి, 230ని 0.34తో గుణిస్తే వచ్చిన 78ని వాట్లు అనకూడదు, వోల్ట్-ఆంపియర్లు అనాలి. వైండింగ్ ఉన్న ప్రతి వస్తువులోనూ కరెంటు వోల్టేజితో కలిసి అడుగు వేయదు, కొంచెం వెనకబడుతుంది. ఆ తేడాను లెక్కలోకి తెచ్చే సంఖ్యే పవర్ ఫ్యాక్టరు. ఫ్యానులో కెపాసిటరు ఉండడం వల్ల అది ఒకటికి దగ్గరగానే ఉంటుంది, కాబట్టి మీ తేడా చిన్నది. ఎల్‌ఈడీ బల్బుల్లో, ముఖ్యంగా చవకరకం వాటిలో, తేడా చాలా పెద్దగా ఉండవచ్చు. 9 వాట్ల బల్బు 16 వోల్ట్-ఆంపియర్లు చూపితే ఆశ్చర్యపోకండి. అసలైన వాట్లు తెలుసుకోవాలంటే మీ ఇంటి కరెంటు మీటరే మంచి సాధనం. దాని మీద ఎర్రగా మిణుకుమనే చిన్న దీపం ఉంటుంది, పక్కన యూనిట్టుకు 3200 ఇంపల్సులు అనో, మరొక అంకో రాసి ఉంటుంది. ఇంట్లో అన్నీ ఆపి ఒక్క ఫ్యానునే ఉంచి, ఒక మిణుకుకూ మరొక మిణుకుకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. 3200 ఉన్న మీటరయితే, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి: 15 సెకన్లకు ఒకసారి మిణుకుతే 75 వాట్లు. పవర్ ఫ్యాక్టరు గొడవ అంతా ఆ మీటరే లోపల చూసుకుంటుంది.

మోటారు లెక్కలో మీరు వదిలేసినది మూడో ఫేజు. త్రీఫేజ్‌లో 415 అన్నది రెండు ఫేజుల మధ్య వోల్టేజి, 7.6 అన్నది ఒక్కొక్క వైరులో పోయే కరెంటు, మొత్తానికి ఈ రెండింటి లబ్ధాన్ని మూడు వర్గమూలంతో, అంటే 1.732తో గుణించాలి. 5463 వోల్ట్-ఆంపియర్లు వస్తాయి. పవర్ ఫ్యాక్టరు 0.8 అనుకుంటే మోటారు లైను నుంచి నిజంగా తీసుకునేది 4370 వాట్లు. మోటారు దక్షత 85 శాతం అనుకుంటే షాఫ్టు మీద 3715 వాట్లు, అంటే నేమ్‌ప్లేటు మీది 5 హెచ్‌పీ దాదాపుగా దొరికింది. శూన్యంలోంచి ఏదీ పుట్టలేదు. అలాగే 415ను 7.6తో భాగించి వచ్చిన 54.6 ఓంలకు, మోటారు ఆపి రెండు టెర్మినళ్ళ మధ్య కొలిచిన 4 ఓంలకు సంబంధం లేదు. ఆ 4 ఓంలు రాగి తీగ నిరోధం. నడుస్తున్న మోటారులో కరెంటును ప్రధానంగా అదుపు చేసేది రాగి కాదు, లోపల తిరిగే అయస్కాంత క్షేత్రం వల్ల వైండింగుల్లో ఎదురుగా పుట్టే వోల్టేజి. మోటారు ఇంకా కదలని మొదటి క్షణంలో రోటరు, అంటే లోపల తిరగవలసిన భాగం, షార్టు చేసిన ట్రాన్స్‌ఫార్మరు రెండో వైండింగులా ప్రవర్తిస్తుంది కాబట్టే మామూలు కరెంటుకు ఆరింతల దాకా, అంటే మీ మోటారుకు 45 ఆంపియర్ల దాకా లాగుతుంది.

లో ఓల్టేజీలో మోటారు హీటరుకు సరిగ్గా వ్యతిరేకంగా ప్రవర్తిస్తుంది. పైకెత్తవలసిన నీరు, ఎత్తు మారవు గనుక, వోల్టేజి తగ్గినా మోటారు దాదాపు అదే పనిని చేయడానికి ప్రయత్నిస్తుంది, అందుకు ఎక్కువ కరెంటు లాగుతుంది. లైను 340 వోల్టులకు పడిపోయిందనుకోండి, అదే 4370 వాట్లకు కరెంటు సుమారు 9.3 ఆంపియర్లవుతుంది. వైండింగుల్లో పుట్టే వేడి 7.6 దగ్గర సుమారు 347 వాట్లయితే, 9.3 దగ్గర 519. సగానికి సగం ఎక్కువ వేడి, బయటికి పోవడానికి మాత్రం అదే ఫ్యాను, అవే రెక్కలు. వైండింగ్ షాపులకు వచ్చే మోటార్లలో కొన్ని ఇలా మాడినవే, మరికొన్ని ఒక ఫేజు పోయినా నడుస్తూ మాడినవి. స్టార్టరులోని ఓవర్‌లోడు రిలే ఈ ప్రమాదాన్ని కనిపెట్టడానికే ఉంది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని కొందరు దాని ముల్లును 10 దగ్గరకు తిప్పేస్తారు. డైరెక్టుగా మొదలయ్యే స్టార్టరయితే ఆ ముల్లు నేమ్‌ప్లేటు మీది ఆంపియర్ల దగ్గరే ఉండాలి. మొదట తక్కువ వోల్టేజితో మొదలుపెట్టి తర్వాత పూర్తి వోల్టేజికి మార్చే స్టార్-డెల్టా స్టార్టరులో రిలే ఒక్కో వైండింగులో పోయే ఫేజు కరెంటును చూసే చోట ఉంటే, ఆ అంకెను 1.732తో భాగించి, సుమారు 4.4 దగ్గర పెట్టాలి. మీ బాబాయిగారి స్టార్టరు ఏ రకమో, ఇప్పుడు ముల్లు ఎక్కడుందో చూసి, నేమ్‌ప్లేటు ఫోటోతో పాటు రాయండి, ఎక్కడ పెట్టాలో చెబుతాను.